ఎక్కడి సెకను?

ఆగిపోయిన పాత చేతివాచీ ఒకటి మొన్నామధ్య విప్పి చూశాను. వెనక మూత తీస్తే లోపల గుండీ అంత బ్యాటరీ, సన్నటి రాగి తీగ చుట్టిన కాయిల్, నాలుగైదు ప్లాస్టిక్ పళ్లచక్రాలు, ఓ పక్కన బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దగా ఉన్న వెండిరంగు గొట్టం కనిపించాయి. వాచీకి గుండెకాయ ఆ గొట్టమే. అందులో క్వార్ట్జ్ స్ఫటికాన్ని చిన్న శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) లా, రెండు పాయలుగా చెక్కి పెడతారు. కరెంటు అందితే అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. సరిగ్గా ఆ అంకే ఎందుకంటే, 32,768ని సగం చేసి, దాన్ని మళ్లీ సగం చేసి, అలా పదిహేను సార్లు చేస్తే చివరికి 1 వస్తుంది. పక్కనున్న చిప్ ఆ సగాలు చేస్తూ పోతుంది. పదిహేనో సగం దగ్గర ముల్లు ఒక గీత జరుగుతుంది. మనం చూసే సెకను అదే.

ఏ గడియారమైనా ఇంతే. ఒకే తీరుగా ఊగేది ఒకటి ఉండాలి, ఆ ఊగుల్ని లెక్కపెట్టేది ఇంకొకటి ఉండాలి. గడియారం అనే మాటలో ఉన్న ‘గడియ’ కూడా అలా వచ్చిందే. అడుగున చిల్లున్న గిన్నెను నీళ్ల మీద వదిలితే అది నిండి మునగడానికి పట్టే కాలం గడియ, అంటే 24 నిమిషాలు. గిన్నె మునగడం ఒక టిక్కు, పక్కన కూర్చుని మునకల్ని లెక్కపెట్టే మనిషి రెండో భాగం. 1656లో డచ్ శాస్త్రజ్ఞుడు హైగెన్స్ గడియారానికి లోలకం బిగించాడు. గిన్నె 24 నిమిషాలకోసారి చేసే పనిని లోలకం సెకనుకోసారి చేసింది. క్వార్ట్జ్ దాన్ని సెకనుకు వేల సార్లకు తెచ్చింది. టిక్కు ఎంత చిన్నదైతే కొలత అంత నాణ్యంగా వస్తుంది. గజం కర్రతో బట్ట కొలవగలం గానీ వెంట్రుక మందం కొలవలేం కదా.

గత ఇరవై ఏళ్లలో ఈ టిక్కు ఎంత చిన్నదైందంటే, గడియారం చేసే పనే మారిపోయింది. ‘సెకను అంటే ఎంత?’ అని అడిగితే శాస్త్రజ్ఞులు ఇప్పుడు ‘ఎక్కడ? నేల నుంచి ఎంత ఎత్తులో?’ అని ఎదురు అడగాల్సి వస్తోంది. చమత్కారానికి అంటున్న మాట కాదు. ఆ ప్రశ్నకు జవాబు తెలియకపోతే ప్రపంచంలోని అత్యుత్తమ గడియారాల టైమ్‌ను ఒకదానితో ఒకటి పోల్చి చూడలేం.

సంగతి మొదటి నుంచీ చూద్దాం.

క్వార్ట్జ్‌తో ఇబ్బంది ఏమిటంటే ఏ ముక్కా ఇంకో ముక్కలా ఉండదు. కోతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా, ఎండ తగిలినా, పాతబడినా కంపనం మారిపోతుంది. మామూలు వాచీ నెలకు పది పదిహేను సెకన్లు అటూ ఇటూ అవుతుంది. పరమాణువులకు ఆ గొడవ లేదు. ఒక సీజియం-133 పరమాణువు ఎలా ఉంటుందో విశ్వంలో ఎక్కడి సీజియం-133 పరమాణువైనా అచ్చం అలాగే ఉంటుంది. దాన్ని ఎవరూ తయారు చేయలేదు కాబట్టి తయారీ లోపం అన్న మాటే లేదు. అరిగిపోదు, ముసలిదవదు.

సీజియం పరమాణువులో అన్నిటికన్నా బయట ఒంటరిగా ఒక ఎలక్ట్రాన్ ఉంటుంది. అదీ, మధ్యలోని కేంద్రకమూ రెండు బుల్లి అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి. రెండూ ఒకే వైపు చూస్తుంటే పరమాణువు శక్తి ఒకలా, ఎదురెదురుగా చూస్తుంటే ఇంకోలా ఉంటుంది. తేడా చాలా స్వల్పం. సరిగ్గా ఆ తేడాకు సరిపోయే మైక్రోవేవ్ తగిలితేనే ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారుతుంది. కొంచెం ఎక్కువైనా, తక్కువైనా పెద్దగా స్పందించదు. అందుకని మైక్రోవేవ్‌ను అటూ ఇటూ సవరిస్తూ పరమాణువులు ఎక్కువగా మారే చోట పట్టుకుని నిలబెడితే, కంపనాన్ని ప్రకృతే సరిచేసి ఇచ్చినట్టు. ఆ తరంగం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగితే ఒక సెకను. 1967 నుంచి సెకనుకు ప్రపంచమంతా ఒప్పుకున్న నిర్వచనం ఇదే.

చివర ఆ 770 దాకా ఎందుకు? గుండ్రంగా 920 కోట్లు అనుకుంటే పోయేది కదా అనిపిస్తుంది. కానీ అప్పటికే సెకను అనేది ఒకటి ఉంది. అది ఆకాశం నుంచి వచ్చింది. 1955లో ఇంగ్లండ్‌లోని టెడింగ్టన్‌లో లూయీ ఎసెన్, జాక్ ప్యారీ కలిసి నమ్మకంగా నడిచే తొలి సీజియం గడియారాన్ని కట్టారు. తర్వాత మూడేళ్ల పాటు అమెరికా నావల్ అబ్జర్వేటరీలో విలియం మార్కోవిట్జ్ బృందం చంద్రుడి కదలికల్ని ఫొటోలు తీసి ఆకాశపు సెకనును కొలుస్తుంటే, ఎసెన్ ఆ సెకనులో సీజియం ఎన్నిసార్లు ఊగిందో లెక్కగట్టాడు. 1958లో తేలిన అంకె 9,192,631,770. కొలతలో 20 ఊగులు అటూ ఇటూ ఉండవచ్చని వాళ్లే చెప్పారు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ అంకెనే నిర్వచనంగా రాసేశారు. అంతటితో ‘అటూ ఇటూ’ పోయింది. కొలిచి తెలుసుకున్న అంకె కాస్తా, ఇకపై మిగతావన్నీ దేనితో కొలవాలో చెప్పే అంకె అయింది.

దీంతో ఒక చిక్కు వచ్చిపడింది. పాత ఆకాశపు సెకను ఎప్పటిదో చూస్తే, పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో చేసిన పరిశీలనల ఆధారంగా కట్టిన లెక్క అది. రోజులో 86,400 సెకన్లు అంటున్నామే, అది కచ్చితంగా సరిపోయేది సుమారు 1820 నాటి రోజుకు. అప్పటి నుంచి భూమి కొంచెం నెమ్మదించింది.

భూమి తిరగడం నెమ్మదిస్తోందని ఎలా తెలుసు? నాకు చాలా ఇష్టమైన సాక్ష్యం ఒకటుంది. క్రీస్తు పూర్వం 136లో ఏప్రిల్ 15న బాబిలోన్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. చూసినవాళ్లు మట్టి పలకల మీద ఆ సంగతి రాసిపెట్టారు. ఇప్పుడు భూమి తిరిగే వేగమే అప్పుడూ ఉందనుకుని కంప్యూటర్‌లో లెక్క వెనక్కి నడిపిస్తే, ఆ గ్రహణం బాబిలోన్‌లో కాక దానికి దాదాపు 49 డిగ్రీలు పడమరగా కనిపించి ఉండాలని వస్తుంది. చూసినవాళ్లు అబద్ధం రాయలేదు. ఈ రెండు వేల పైచిలుకు ఏళ్లలో భూమి అనే గడియారం మొత్తం మీద మూడు గంటలకు పైగా వెనకబడింది. కారణం ప్రధానంగా చంద్రుడు. సముద్రాల్లో ఆటుపోట్లు లేపి, ఆ నీటి రాపిడితో భూమికి చిన్నగా బ్రేకు వేస్తుంటాడు. ఆ క్రమంలో తనూ ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాడు. రోజు నిడివి శతాబ్దానికి రెండు మిల్లీసెకన్ల లోపే పెరుగుతుంది. అది ఆవగింజంతే గానీ, రోజూ పోగుపడుతూ ఉంటుంది.

పరమాణు గడియారం ఇలాంటివి పట్టించుకోదు. దానిపాటికి అది నడుస్తుంది. భూమి వెనకబడుతుంది. రెండింటి మధ్య ఎడం పెరిగినప్పుడల్లా గడియారాన్ని ఒక సెకను ఆపి భూమిని అందుకోనివ్వాలని 1972లో ఒక ఏర్పాటు చేశారు. అదే లీప్ సెకను. ఆ రోజు 23:59:59 తర్వాత 00:00:00 రాదు, మధ్యలో 23:59:60 అని ఒకటి వస్తుంది. ఇప్పటిదాకా ఇలా 27 సార్లు కలిపారు. చివరిసారి 2016 డిసెంబర్ 31న.

మనకు ఆ సెకను తెలియను కూడా తెలియదు, కానీ కంప్యూటర్లకు అది పెద్ద టెన్షన్. నిమిషానికి 60 సెకన్లే ఉంటాయని నమ్మి రాసిన ప్రోగ్రాములకు అరవై ఒకటో సెకను ఎదురైతే ఏం చేయాలో పాలుపోదు. 2012 జూన్ 30 రాత్రి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్లలో ఇలాంటి లోపమే బయటపడింది. కొన్ని పెద్ద వెబ్‌సైట్లు ఆగిపోయాయి. ఒక విమాన సంస్థ చెక్-ఇన్ కంప్యూటర్లు మొరాయించి ప్రయాణికులు గంటల తరబడి క్యూల్లో నిలబడ్డారు. కొన్ని కంపెనీలు ఆ ఒక్క సెకనును ముక్కలు చేసి రోజంతటా పులమడం మొదలుపెట్టాయి. అంటే ఆ రోజు వాళ్ల సర్వర్లలో ప్రతి సెకనూ రవ్వంత పొడవుగా ఉంటుంది. పని గట్టెక్కింది గానీ, ఆ రోజు ప్రపంచంలో ఒకటి కాదు, రెండు మూడు రకాల టైమ్‌లు నడిచాయి.

ఇంతలో భూమి ఇంకో మెలిక పెట్టింది. చంద్రుడి బ్రేకు ఎప్పటిలాగే ఉన్నా, భూమి లోపలి ద్రవ భాగంలో వచ్చే మార్పుల వల్ల ఇటీవల భూమి ఉపరితలం కాస్త వేగం పుంజుకుంది. 2024 జూలై 5న రోజు 86,400 సెకన్ల కన్నా 1.66 మిల్లీసెకన్లు తక్కువ. ఇలాగే సాగితే సెకను కలపడానికి బదులు తీసేయాల్సి రావచ్చు. ఆ పని ఇంతవరకు ఎవరూ చేసి ఎరగరు. ధ్రువాల్లో మంచు కరిగి ఆ నీరు భూమధ్యరేఖ వైపు చేరడం వల్ల భూమి కొంత నెమ్మదిస్తోందనీ, లేకపోతే ఆ అవసరం 2026లోనే వచ్చేదనీ, ఇప్పుడు 2029 దాకా వాయిదా పడిందనీ 2024లో నేచర్ పత్రికలో డంకన్ ఆగ్న్యూ లెక్కగట్టి చూపించాడు. మంచు కరగడం గడియారాల దాకా వచ్చిందన్నమాట. ఈ తలనొప్పి వద్దని 2022 నవంబర్‌లో దేశాలన్నీ కూర్చుని, 2035కల్లా లీప్ సెకన్ల పద్ధతికి స్వస్తి చెప్పేలా, భూమికీ గడియారానికీ మధ్య ఇప్పటికన్నా ఎక్కువ ఎడం ఉన్నా ఫర్వాలేదని తీర్మానించాయి.

అసలు ఇప్పుడు కచ్చితంగా టైమెంత అన్నది ఎవరి దగ్గర ఉంది? పారిస్ పక్కన సెవ్రలో తూనికలు కొలతల అంతర్జాతీయ సంస్థ ఉంది. ప్రపంచంలోని ఎనభైకి పైగా ప్రయోగశాలలు తమ దగ్గరున్న నాలుగు వందలకు పైగా పరమాణు గడియారాల లెక్కల్ని అక్కడికి పంపుతాయి. అన్నిటినీ వాటి వాటి నమ్మకాన్ని బట్టి తూచి సగటు తీస్తారు. ప్రపంచమంతా గడియారాలు సరిచూసుకునే టైమ్, మనం యూటీసీ అని పిలిచేది, ఆ సగటు నుంచే వస్తుంది. ఈ లెక్క తేలి, ఏ ప్రయోగశాల గడియారం ఎన్ని నానోసెకన్లు (సెకనులో వంద కోట్ల వంతులు) ముందుందో వెనకుందో చెప్పే నివేదిక నెలకోసారి వస్తుంది. అంటే ఇప్పుడు టైమెంత అన్న ప్రశ్నకు సిసలైన జవాబు వచ్చే నెలలో తెలుస్తుంది. గోడ మీద వేలాడే ‘అసలు గడియారం’ ఎక్కడా లేదు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు చాలాసేపు నమ్మబుద్ధి కాలేదు.

ఇక కొత్త తరం గడియారాల సంగతి. సీజియం మైక్రోవేవ్‌కు స్పందిస్తే, స్ట్రాన్షియం, యిటర్బియం లాంటి లోహాల పరమాణువులు కంటికి కనిపించే కాంతికి స్పందిస్తాయి. కాంతి ఊగు మైక్రోవేవ్ ఊగు కన్నా ఎన్నో వేల రెట్లు వేగం. స్ట్రాన్షియం గడియారంలో వాడే ముదురు ఎరుపు కాంతి సెకనుకు సుమారు 429 లక్షల కోట్ల సార్లు ఊగుతుంది. అంటే సీజియం ఒక్కసారి ఊగేలోపు ఇది దాదాపు 46,700 సార్లు ఊగేస్తుంది.

ఆ గడియారం లోపల జరిగేది దగ్గరగా చూడదగ్గది. గాలి పూర్తిగా తోడేసిన స్టీలు గదిలో ఒక పక్క చిన్న పొయ్యి లాంటిది ఉంటుంది. అందులో స్ట్రాన్షియం లోహాన్ని కాల్చి ఆవిరి చేస్తారు. పరమాణువులు సెకనుకు వందల మీటర్ల వేగంతో దూసుకొస్తాయి. వాటికి ఎదురుగా నీలం లేజర్ కొడతారు. ఒక్కో కాంతి కణం ఒక్కో చిన్న తోపు తోస్తుంది. వేల తోపులు తిన్నాక పరమాణువు చతికిలబడుతుంది. అప్పుడు గది మధ్యలో, గాజు కిటికీ గుండా చూస్తే, నీలంగా మెరిసే చిన్న చుక్క మామూలు కంటికే కనిపిస్తుంది. లక్షల పరమాణువులు ఒకచోట గుమిగూడి వెలుగుతున్న చుక్క అది. ఆ తర్వాత ఎర్ర లేజర్ వంతు. అది వాటిని ఇక అంతకన్నా చల్లబడటం కుదరని పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో లక్షల వంతుల దూరం దాకా చల్లారుస్తుంది.

చల్లారినవాటిని కదలకుండా పట్టుకోవాలి. అందుకు ఇంకో లేజర్‌ను అద్దానికి కొట్టి తిప్పి పంపుతారు. వెళ్లే కాంతి, వచ్చే కాంతి కలిసి, దొంతరగా పేర్చిన పళ్లేల్లాంటి అరలు ఏర్పడతాయి. పరమాణువులు ఆ పళ్లేల్లో సర్దుకుంటాయి. అయితే పట్టుకున్న కాంతే పరమాణువును కెలికితే? ఏ ఊగును కొలవాలనుకున్నామో అదే మారిపోతుంది. దీనికి విరుగుడు 2001లో జపాన్ శాస్త్రజ్ఞుడు హిదెతోషి కతోరి చెప్పాడు. ఒక ప్రత్యేకమైన రంగు కాంతితో పట్టుకుంటే, పరమాణువు తాలూకు రెండు స్థితులూ సరిగ్గా ఒకే మేరకు జరుగుతాయి. త్రాసు రెండు వైపులా ఒకే బరువు వేస్తే ముల్లు కదలదు కదా, అలా. స్ట్రాన్షియానికి ఆ రంగు 813 నానోమీటర్ల దగ్గర ఉంది. ఈ రంగాన్ని మలుపు తిప్పిన ఆలోచన ఇదే అని నా ఉద్దేశం.

అప్పుడు ఆ ముదురు ఎర్ర లేజర్‌ను వాటి మీద వేసి, ఎన్ని పరమాణువులు స్థితి మారాయో చూస్తారు. తక్కువ మారితే లేజర్ రంగు రవ్వంత తప్పిందని అర్థం. సవరిస్తారు, మళ్లీ అడుగుతారు. పగలూ రాత్రీ ఆ ప్రశ్న, ఆ జవాబు అలా నడుస్తూనే ఉంటాయి.

ఊగేది దొరికింది. మరి లెక్కపెట్టేదో? సెకనుకు 429 లక్షల కోట్ల ఊగుల్ని లెక్కపెట్టగల ఎలక్ట్రానిక్ పరికరం లేదు. దీనికి జవాబుగా వచ్చిందే ఫ్రీక్వెన్సీ కోంబ్, అంటే కాంతి దువ్వెన. అత్యంత పొట్టి లేజర్ మెరుపుల్ని క్రమం తప్పకుండా వదిలితే, ఆ కాంతిని రంగులుగా విడదీసినప్పుడు దువ్వెన పళ్లలా సమానమైన ఎడంలో సన్నటి గీతలు లక్షల్లో కనిపిస్తాయి. ఒక పన్నును స్ట్రాన్షియం లేజర్‌కు కట్టేస్తే, పళ్ల మధ్య ఎడం దానంతట అదే స్థిరపడుతుంది. ఆ ఎడం మాత్రం ఎలక్ట్రానిక్స్ లెక్కపెట్టగలిగేంత నెమ్మదైన ఊగు. నా పాత వాచీలో చిప్ పదిహేను సార్లు సగం చేసిన పనే ఇది కూడా, కాకపోతే కాంతి వేగంలో. జాన్ హాల్, థియోడర్ హెన్ష్‌లకు 2005లో భౌతికశాస్త్ర నోబెల్‌లో వాటా రావడానికి ప్రధాన కారణం ఈ దువ్వెనే.

ఫలితం? అమెరికాలోని బౌల్డర్‌లో శాస్త్రజ్ఞుడు జున్ యె బృందం 2024లో ప్రకటించిన స్ట్రాన్షియం గడియారం విశ్వం పుట్టిన నాటి నుంచి, అంటే 1,380 కోట్ల ఏళ్లుగా నడుస్తూ ఉన్నా తేడా అర సెకను కూడా ఉండదు. అదే ఊరిలో ఒకే ఒక అల్యూమినియం అయాన్‌తో (విద్యుదావేశం ఉన్న పరమాణువుతో) నడిచే గడియారం 2025లో దాన్నీ దాటింది.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

గురుత్వాకర్షణ ఎక్కువ ఉన్న చోట, అంటే కింద, కాలం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ ఎప్పుడో చెప్పాడు. ఎందుకో ఇలా ఆలోచించి చూడొచ్చు. నేల మీది నుంచి పైకి కాంతి పంపామనుకోండి. పైకెక్కే కాంతి బరువు మోస్తూ మెట్లెక్కిన మనిషిలా శక్తి కోల్పోతుంది. కాంతికి శక్తి తగ్గడమంటే సెకనుకు ఊగే ఊగులు తగ్గడమే. సరే, కింద బయల్దేరిన ఊగులు దారిలో ఎక్కడైనా రాలిపోయాయా? లేదు, బయల్దేరినవన్నీ చేరాయి. మరి పైనున్నవాడు తన ఒక సెకనులో తక్కువ ఊగులు ఎందుకు లెక్కపెట్టాడు? అతని సెకనుతో పోలిస్తే కింద జరిగేదంతా నిదానంగా జరుగుతోంది కాబట్టి. కింది గడియారం పాడైపోలేదు, పై గడియారం తొందరపడటం లేదు. రెండూ తమ తమ చోట సరైన సెకనునే చూపిస్తున్నాయి.

1971లో హేఫల్, కీటింగ్ అనే ఇద్దరు నాలుగు సీజియం గడియారాల్ని మామూలు ప్రయాణికుల విమానాల్లో సీట్లలో పెట్టుకుని ప్రపంచాన్ని తూర్పుగా ఒకసారి, పడమరగా ఒకసారి చుట్టి వచ్చారు. తూర్పుగా వెళ్లినవి 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరగా వెళ్లినవి 273 నానోసెకన్లు ముందుకెళ్లాయి. ఎత్తు, వేగం రెండూ కలిస్తే సిద్ధాంతం చెప్పిన లెక్కకు అవి దగ్గరగా సరిపోయాయి.

రోజూ మనం జేబులో పెట్టుకు తిరిగే ఉదాహరణ జీపీఎస్. ఆ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఎత్తు వల్ల వాటి గడియారాలు రోజుకు 45 మైక్రోసెకన్లు (సెకనులో పది లక్షల వంతులు) ముందుకు పోతాయి, వేగం వల్ల 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి. మిగిలే తేడా 38. కాంతి మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది కాబట్టి, దీన్ని వదిలేస్తే ఒక్క రోజులో 11 కిలోమీటర్లకు సరిపడా తప్పు పోగవుతుంది. 1977లో తొలి సీజియం గడియారాన్ని పైకి పంపినప్పుడు ఈ సవరణ నిజంగా కావాలా అన్న సందేహం కొందరికి ఉండటంతో, సవరించే స్విచ్ పెట్టి దాన్ని ఆపి ఉంచారు. ఇరవై రోజులు చూశారు. ఐన్‌స్టీన్ లెక్క ఎలా చెప్పిందో దాదాపు అలాగే గడియారం ముందుకు పోయింది. ఆ తర్వాత పంపే గడియారాల్ని నేల మీదే తగ్గించి పెట్టడం మొదలుపెట్టారు. సెకనుకు 1,02,30,000 సార్లు ఊగాల్సిన చోట 1,02,29,999.99543 సార్లకు సరిచేసి ఎక్కిస్తారు. పైకి చేరాక, నేల మీదున్న మనకు అది సరైన టైమ్‌గా కనిపిస్తుంది. ఆ దశాంశ బిందువు తర్వాతి అంకెల్లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం మొత్తం ఉంది.

అవి విమానాలు, ఉపగ్రహాలు. కాంతి గడియారాలు వచ్చాక కొలిచే ఎత్తులు తగ్గుతూ వచ్చాయి. 2010లో బౌల్డర్‌లో రెండు అల్యూమినియం గడియారాల్లో ఒకదాన్ని 33 సెంటీమీటర్లు పైకెత్తితే టైమ్ వేగం మారడం కనిపించింది. 33 సెంటీమీటర్లంటే మోకాలి ఎత్తు కూడా కాదు. 2020లో కతోరి బృందం రెండు స్ట్రాన్షియం గడియారాల్ని ప్రయోగశాల బయటికి తెచ్చి, టోక్యో స్కైట్రీ టవర్ కింద ఒకటి, 450 మీటర్ల పైన ఒకటి పెట్టింది. పైది రోజుకు 4.26 నానోసెకన్లు ముందుకు నడిచింది. 2022లో జున్ యె బృందం రెండో గడియారం జోలికే పోలేదు. ఒకే గడియారంలో, ఇందాక చెప్పిన పళ్లేల దొంతరలో సుమారు లక్ష పరమాణువులున్న మబ్బును తీసుకున్నారు. దాని ఎత్తు ఒక మిల్లీమీటరు. పై అంచులోని పరమాణువులకూ కింది అంచులోని పరమాణువులకూ కాలం ఒకేలా నడవట్లేదని చూపించారు. ఒక మిల్లీమీటరుకు వచ్చే తేడా కోటి కోటి కోట్లలో వంద వంతులు. దాన్ని పట్టుకున్నారు.

ఊరికే ఒక లెక్క వేసి చూశాను. 1.6 మీటర్ల ఎత్తున్న మనిషి ఎనభై ఏళ్లు నిలబడే ఉన్నాడనుకుంటే, చివరికి అతని పాదాల కన్నా తల మైక్రోసెకనులో దాదాపు 0.4 వంతు ఎక్కువ కాలం గడుపుతుంది. జీవితానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. కానీ నా తలకూ నా కాళ్లకూ ‘ఇప్పుడు’ ఒకటి కాదని తెలిశాక, టైమ్ అనే మాటను మునుపటిలా వాడటం నాకు కష్టంగానే ఉంది.

శాస్త్రజ్ఞులకైతే ఇది ఆచరణలో ఎదురయ్యే సమస్య. బౌల్డర్ సముద్ర మట్టానికి 1,600 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అక్కడి గడియారాలు తీరంలోని వాటి కన్నా ఏడాదికి ఐదు మైక్రోసెకన్లకు పైగా ముందుకు పోతాయి. అందుకే ప్రపంచ సగటు తీసేటప్పుడు ప్రతి గడియారాన్నీ సముద్ర మట్టం దగ్గర ఉన్నట్టు సవరిస్తారు. సీజియం కాలంలో ఆ సవరణకు ఎత్తు మీటర్లలో తెలిస్తే చాలు. ఇప్పటి గడియారాలకు సెంటీమీటరు దాకా తెలియాలి. కానీ సముద్రం లేని చోట సముద్ర మట్టం ఎక్కడుందో సెంటీమీటరు దాకా చెప్పడం అంత తేలిక కాదు. భూమి లోపల బరువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కావడంతో ఆ మట్టం గుంటలూ మిట్టలుగా ఉంటుంది.

అందుకే ఇప్పుడు లెక్కను తిరగేస్తున్నారు. ఎత్తు తెలుసుకుని గడియారాన్ని సవరించే బదులు, గడియారాన్ని చూసి ఎత్తు తెలుసుకోవడం. పారిస్‌లోని, జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్‌లోని స్ట్రాన్షియం గడియారాల్ని 1,415 కిలోమీటర్ల ఫైబర్ తీగతో కలిపారు. రెండు ప్రయోగశాలల మధ్య ఎత్తు తేడా 25 మీటర్లు. వాటి టిక్కుల తేడాలో ఆ 25 మీటర్లు స్పష్టంగా కనిపించాయి. ఇంకాస్త నాణ్యం పెరిగితే భూగర్భ జలాలు తగ్గడం, అగ్నిపర్వతం కింద శిలాద్రవం నిండటం లాంటివి కూడా అక్కడ పెట్టిన గడియారం నడకలో తెలుస్తాయన్న ఆశ ఉంది. ఎక్కడ బరువు మారితే అక్కడ కాలం నడక మారుతుంది మరి.

సెకను నిర్వచనం మార్చాలని అందరూ ఒప్పుకున్నారు. 2030 నాటికి తేల్చాలన్నది ప్రస్తుత ఆలోచన. ఆలస్యం ఎందుకంటే ఎంపిక కుదరడం లేదు. స్ట్రాన్షియమా, యిటర్బియమా, అల్యూమినియమా, లేక కొన్నిటిని కలిపా? ఒక్కో ప్రయోగశాల ఒక్కో పరమాణువు మీద ఇరవై ఏళ్లు వెచ్చించింది. ఎవరి గడియారం వాళ్లకు గొప్పగా నడిస్తే చాలదు, దేశాల మధ్య ఒకదానితో ఒకటి సరిపోవాలి. 2025లో ఆరు దేశాల్లోని పది కాంతి గడియారాల్ని ఒకేసారి పోల్చిన ఫలితాలు వచ్చాయి. చాలావరకు బాగానే కలిశాయి, కొన్నిచోట్ల కలవలేదు. నా మటుకు నాకు ఈ నిదానం సబబే అనిపిస్తుంది. మీటరు నిర్వచనం, కిలోగ్రాము నిర్వచనం ఇప్పుడు సెకను మీదే ఆధారపడి ఉన్నాయి. దీన్ని కదిపితే అన్నీ కదులుతాయి.

ఈలోగా ఇంకో పోటీదారు తయారవుతోంది. పరమాణువు బయటి ఎలక్ట్రాన్‌ను కాకుండా కేంద్రకాన్నే ఊగించే గడియారం. థోరియం-229 కేంద్రకం ఒక్కటే లేజర్‌కు లొంగేంత తక్కువ శక్తి దగ్గర స్పందిస్తుందని 1970ల నుంచే అనుకుంటున్నారు. ఆ రంగు సరిగ్గా ఏదో పట్టుకోవడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 2024లో జర్మనీ, ఆస్ట్రియా శాస్త్రజ్ఞులు లేజర్‌తో దాన్ని కదిలించగలిగారు. కొద్ది నెలలకే జున్ యె బృందం దువ్వెనతో ఆ ఊగును కొలిచింది. కేంద్రకం చుట్టుపక్కల అలజడి అంటకుండా లోపల ఒదిగి ఉంటుంది కాబట్టి గట్టి గడియారమయ్యే అవకాశం ఉంది. ఇక గడియారాలు భూమి దాటితే ఇంకో చిక్కు. చంద్రుడి మీద గడియారాలు ఇక్కడి వాటి కన్నా రోజుకు 50 మైక్రోసెకన్లకు పైగా ముందుకు పోతాయి కాబట్టి అక్కడికి వేరే టైమ్ ఏర్పాటు చేయాలని నాసాకు 2024లో ఆదేశం కూడా వచ్చింది.

ఆ చంద్రుడే ఇంకో చోట కూడా అడ్డం వస్తున్నాడు. సముద్రాన్ని లేపినట్టే చంద్రుడూ సూర్యుడూ గట్టి నేలను కూడా లేపుతారు. రోజుకు రెండుసార్లు మన కాళ్ల కింది రాతినేల ముప్పై సెంటీమీటర్ల దాకా పైకీ కిందికీ కదులుతుంది. ఊళ్లూ భవనాలూ అన్నీ కలిసి కదులుతాయి కాబట్టి ఎవరికీ తెలియదు. మంచి కాంతి గడియారానికి తెలుస్తుంది. దూరదూరాన ఉన్న రెండు గడియారాల్ని పోల్చాలంటే ఆ గంటకు ఎక్కడి నేల ఎంత లేచిందో లెక్క తీసెయ్యాలి. 1958లో మార్కోవిట్జ్ చంద్రుడి ఫొటోలు తీసి సెకనుకు అంకె ఇచ్చాక, ఇక ఆకాశంతో పనిలేదనుకున్నారు. ఇప్పుడు ఆ ప్రయోగశాలల్లో సెకనును సరిచూసుకోవాలంటే ముందుగా చంద్రుడు ఆకాశంలో ఎక్కడున్నాడో చూసుకుంటున్నారు.